ఎనిమిదుల జత

ఆ పొద్దున ఆకాశం ఇసుక గుట్టల మీదికి దిగి కూర్చుంది. కురిసేది వానో మంచో తేల్చుకోలేక రెండూ కలిసి అడ్డంగా కొడుతున్నాయి. గాలిమర మొహం ఉత్తరానికి తిరిగి అట్లాగే ఆగిపోయింది. మే నెల వచ్చి వారం దాటినా దొడ్లో ఆవుల వీపుల మీద తెల్లటి పొర కట్టింది. దూడలు తల్లుల పొట్టల కిందికి దూరి నిలబడ్డాయి.

తడిసిన దూడకు వాత వేయకూడదు. బొచ్చులో నీరు కాగి చర్మం ఉడుకుతుంది, గుర్తు అలుక్కుపోతుంది. ఐడా వంటింటి గోడకున్న ఫోను పిడి తిప్పి, ఆ తీగ మీద ఉన్న ఇళ్ళన్నిటికీ ఒకేసారి చెప్పేసింది. "ఇవాళ కాదు, రేపు. ఆరితే రేపు." అప్పటికే బయలుదేరి వచ్చేసినవాళ్ళు ఇద్దరు. ఒకరు తూర్పు లోయలో ఉండే ముసలి నైగ్రెన్. రెండోవాడు పొరుగు బీడు వెండెల్, ముప్పై నాలుగేళ్ళవాడు. ఆర్వల్ రావలసిన పనే లేదు. ఇరవై రెండేళ్ళుగా ఐడా వాళ్ళ పశువుల బీడులోనే పాలేరు, కొట్టం పక్క గదిలోనే అతని కాపురం.

ఐడా భర్త హార్లన్ ఫిబ్రవరిలో పోయాడు. ఆయన లేకుండా వాతలు వేయడం ఇదే మొదలు. ప్రతి వసంతంలోనూ ఆయన తన బూడిద రంగు గుర్రం డీకన్ మీద మందలోకి నెమ్మదిగా పోయేవాడు. తాడు విసిరి దూడను వెనక కాళ్ళకు పట్టి నిప్పు దగ్గరకు లాక్కొచ్చేవాడు. మొదటి దూడ నుంచి చివరి దూడ దాకా తాడు ఆయనదే. కిందనున్నవాళ్ళు దూడను పడదోసి పట్టుకునేవాళ్ళు. ఆర్వల్ ఇరవై రెండు వసంతాలూ కిందనే ఉన్నాడు. పేడలో, పొగలో, దూడ తన్నులు డొక్కలో తింటూ. డీకన్ పిల్లగా ఉన్నప్పుడు దానికి కళ్ళెం అలవాటు చేసింది అతనే. గిట్టలు చెక్కేదీ నాడాలు కొట్టేదీ అతనే. జీను మీద కూర్చుని తాడు విసిరింది మాత్రం ఒక్కసారీ లేదు.

రేపు ఆ జీను మీద ఎవరు కూర్చోవాలి? వారం రోజులుగా ఆర్వల్ గుండెలో మెదులుతున్నది అదొక్కటే. ఎవరూ పైకి అడగలేదు. అడగనక్కర్లేకుండా అమ్మగారే చెబుతారని అతను ఎదురు చూశాడు. ఐడా చెప్పలేదు. వెండెల్ వచ్చి బురద బూట్లు గుమ్మంలో విడిచి, టోపీ దులుపుకుంటూ, "ఐడా, రేపు తాడు ఎవరి చేతికిస్తున్నారు?" అని నేరుగా అడిగేశాడు.

వచ్చి ఆరేళ్ళు కాలేదు, అప్పుడే ఐడా అని పేరు పెట్టి పిలుస్తాడు. ఆర్వల్‌కు ఇన్నేళ్ళయినా అమ్మగారే.

ఐడా పొయ్యి మీద కూర కలుపుతూ వెనక్కి తిరగలేదు. "నేను పేరు చెప్పను. ఒకరి పేరు చెబితే రెండోవాడు రేపు ఆ దూడల మధ్య ఏ మొహంతో నిలబడతాడు? వాన రోజున ఆయన ఏం చేసేవాడో అదే చెయ్యండి." గరిటె పక్కన పెట్టి, అలమర పైనుంచి పేక కట్టా, ఎండు చిక్కుడు గింజల సీసా దించి బల్ల మీద పెట్టింది. "గెలిచినవాడిదే డీకన్. రేపు ఒక్కరోజుకే కాదు, ఇక ఎప్పటికీ. నాకు గుర్రమెందుకు?"

"నన్ను కలపమాకండి," అన్నాడు నైగ్రెన్. "ఈ మోకాళ్ళు నన్ను కుర్చీ ఎక్కించడమే గొప్ప. నేను పంచుతా."

"నువ్వు పంచితే మధ్యలో నిద్దరపోతావు తాతా," అన్నాడు వెండెల్.

"పోతే లేపు. నీకు వచ్చే ముక్కలు చూసి ఎటూ లేస్తాలే."

అలా ముగ్గురూ కూర్చున్నారు. కిటికీ వైపు హార్లన్ కుర్చీ ఖాళీగా ఉంది. ఆర్వల్ దానికి ఎడమ పక్కన కూర్చున్నాడు, ఎప్పుడూ కూర్చునే చోటు. వెండెల్ కుడి పక్కన కూర్చుని ఒక మోచేయి అలవాటుగా ఆ ఖాళీ కుర్చీ వీపు మీద వేశాడు. ఆర్వల్ ఆ మోచేయిని చూశాడు.

వెండెల్ మీద చెప్పుకోదగ్గ తప్పేదీ లేదు. ఆర్వల్‌ను కాల్చేది అదే. మనిషి మోసకారి అయితే ఎంత బాగుండేది! వాడు బావి తవ్వితే నలభై అడుగులకే నీళ్ళు పడ్డాయి, పక్క బీళ్ళలో నూటయాభై తవ్వాలి. ఏ పని పట్టినా ఈల వేస్తూ చేస్తాడు. హార్లన్ మంచం పట్టిన చలికాలంలో ఆర్వల్ ఆయన్ను ఎత్తి కూర్చోబెట్టేవాడు, గడ్డం గీసేవాడు, రాత్రి రెండుసార్లు లేచి పొయ్యిలో కట్టెలు వేసేవాడు. హార్లన్ కళ్ళు తెరిచి అడిగేది ఒకటే మాట, "వెండెల్ వచ్చాడా?" వెండెల్ వచ్చి ఏవో నాలుగు అబద్ధాలు చెప్పి నవ్వించి పోయేవాడు. ఆర్వల్ గుమ్మంలో బకెట్టు పట్టుకుని నిలబడి వినేవాడు.

ఆ పేక గురించి ఒక మాట చెప్పాలి. తొమ్మిదేళ్ళ కిందట ఒక కుక్కపిల్ల కళావరు నాలుగును నమిలి పారేసింది. హార్లన్ ఓట్స్ డబ్బా అట్టను ముక్క సైజుకు కత్తిరించి, వడ్రంగి పెన్సిలుతో నాలుగు కళావర్లు గీశాడు. మిగతా ముక్కల వీపులు నీలం, దీని వీపు మట్టి రంగు. ఆమడ దూరం నుంచైనా తెలుస్తుంది. కొత్త పేక కొనమని నైగ్రెన్ అన్నాడు. "ఒకటి పోతే యాభై ఒకటి పారేస్తామా? ఈ బల్ల దగ్గర ముక్క వీపు చూసేవాడెవడూ లేడు," అన్నాడు హార్లన్. ఆ మాటే ఆ ఇంటి కట్టడి అయింది. అట్టముక్క ఎవరి ముందు పడినా మిగతావాళ్ళ కళ్ళు పొయ్యి మీదికో కిటికీ మీదికో పోయేవి. తెలిసినా తెలియనట్టే పందెం కాయాలి, తెలియనట్టే భయపడాలి. ఒకసారి పశువుల బేరగాడొకడు కూర్చుని, "అది నాలుగే కదా!" అని నవ్వాడు. అతన్ని మరి పిలవలేదు, అంతే.

ఆ ముక్క హార్లన్‌కు వచ్చిందంటే పండగే. బోర్లా ఉన్నదాన్ని కొంచెం ఎత్తి చూసి, కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టి, గింజలన్నీ ముందుకు తోసేవాడు. "అమ్మో, ఏం తగిలిందో ఈయనకి!" అని అందరూ గుండెలు బాదుకుని ముక్కలు పడేసేవాళ్ళు. ఐడా చేతిలో పని ఆపి నవ్వేది. ఆర్వల్‌కు ఆ అట్టముక్క వస్తే చొక్కా చిరిగి నలుగురిలో నిలబడ్డట్టు ఉండేది. మారు మాట లేకుండా ముక్కలు మూసేసేవాడు.

ఆ పొద్దున ఇద్దరికీ చెరి యాభై గింజలు. ఆట అయిదు ముక్కలది. మొదటిది బోర్లా, మిగిలిన నాలుగూ అందరికీ కనబడేలా వెల్లకిలా, ఒక్కొక్కటి పడ్డప్పుడల్లా పందెం. పదకొండు దాకా ఇటూ అటూ ఊగింది. ఆర్వల్ నెమ్మదిగా ఆడి పదిహేను గింజలు పైకి పోయాడు. వెండెల్ రెండు దెబ్బల్లో వాటిని వెనక్కి లాక్కున్నాడు.

"ఏం ఆర్వల్, గింజలు ఏరుకుంటున్నావా, ఆడుతున్నావా?"

"నీ పని చూసుకో."

"చూసుకుంటున్నా. నీ గింజలు నా దగ్గరకొచ్చి ఎంచక్కా కూర్చుంటున్నాయి."

ఐడా పొయ్యి అర తెరిచి చూసి, "రొట్టెలు పొంగాయి. ఇదే ఆఖరు పంపకం," అంది. నైగ్రెన్ రెండు కుప్పల వైపూ వంగి చూశాడు. ఇద్దరివీ సమానమే. ఇక ఈ పంపకంలో ఎవరిది పైచేయి అయితే గుర్రం వాళ్ళది.

నైగ్రెన్ కలిపి పంచాడు. ఆర్వల్‌కు నీలం వీపు ముక్క. వెండెల్ ముందు మట్టి రంగు ముక్క బోర్లా పడింది.

నైగ్రెన్ కళ్ళు కిటికీ మీదికి పోయాయి. "గాలి తగ్గేట్టే ఉంది," అన్నాడు. ఆర్వల్ పొయ్యి వంక చూశాడు. చూసేలోగా చూడవలసింది చూసేశాడు.

వెండెల్ ముక్కను వేలిగోటితో ఎత్తి చూసి మెల్లగా ఈల వేశాడు. రొమ్ము మీద చెయ్యి వేసుకున్నాడు. ఆపైన కళ్ళు మూసుకుని, హార్లన్ ఎట్లా పెట్టేవాడో సరిగ్గా అట్లాగే, పైకి చూసి దండం పెట్టాడు. "ఐడా, రేపటికి డీకన్ జీను తుడిపించండి. నాకు తుడిచే ఓపిక ఉండదు, గెలిచి గెలిచి అలిసిపోతా."

ఐడా నవ్వింది. ఎసరు పొంగినట్టు ఆపుకోలేక వచ్చిన నవ్వు. చేతిలో గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వింది. ఫిబ్రవరి తరువాత ఆ వంటింట్లో అదే మొదలు.

ఆర్వల్ తన ముక్కను బల్లకేసి నొక్కి పట్టాడు. ఈ మూడు నెలలూ అతను కట్టెలు కొట్టాడు, పాలు పిండాడు, హార్లన్ బట్టలు మడిచి పెట్టెలో పెట్టాడు, సమాధి మీద మట్టి కుంగితే మళ్ళీ పోసి సరిచేశాడు. ప్రతి పనికీ ఆవిడ, "నీ పుణ్యం, ఆర్వల్," అంది. ప్రతిసారీ అదే మాట, అదే గొంతు. వీడు ఒక అట్టముక్కకు దండం పెట్టాడు, అంతే.

ముక్కలు పడసాగాయి. వెండెల్‌కు ఆటీను పది, ఆర్వల్‌కు ఇస్పేటు ఎనిమిది. వెండెల్‌కు ఆటీను రాణి, ఆర్వల్‌కు డైమను మూడు. వెండెల్‌కు ఆటీను జాకీ. నైగ్రెన్ నోరు చప్పరించాడు. ఆర్వల్‌కు డైమను ఎనిమిది. ఎనిమిదుల జత పడింది. ఆర్వల్ అయిదు గింజలు పెట్టాడు. వెండెల్ పది చేశాడు. ఆర్వల్ కలిపాడు. ఆఖరి ముక్క వెండెల్‌కు ఆటీను రాజు, ఆర్వల్‌కు ఏదో పనికిరాని ఆరు.

పది, జాకీ, రాణి, రాజు వరసగా బల్ల మీద ఎర్రగా పరుచుకున్నాయి. బోర్లా ఉన్నది ఆసో తొమ్మిదో అయితే వరస. ఆటీను ఏదయినా సరే, ఒకే గుర్తులో అయిదు. కనబడే నాలుగిట్లో ఏ ఒక్కదానికి జత కలిసినా ఎనిమిదుల జత దాని ముందు చిత్తే. ఏ ఇంట్లోనయినా, ఏ బల్ల మీదయినా, ఎనిమిదుల జతతో దాని ఎదుట నిలబడే మనిషి ఉండడు. కానీ బోర్లా ఉన్నది ఓట్స్ డబ్బా అట్ట. కళావరు నాలుగు. వెండెల్ చేతిలో ఉన్నది ఒట్టి గాలి.

ఆ సంగతి వెండెల్‌కు తెలుసు, నైగ్రెన్‌కు తెలుసు, పొయ్యి దగ్గర నిలబడ్డ ఐడాకు తెలుసు. ఆర్వల్‌కు తెలుసునన్న సంగతి కూడా అందరికీ తెలుసు.

ఆర్వల్ పందెం కాయకుండా వేలితో బల్ల మీద తట్టాడు. వెండెల్ రెండు చేతులతో గింజల కుప్పను ఒడిసిపట్టి మొత్తం మధ్యకు తోశాడు. రెండు గింజలు దొర్లి కిందపడ్డాయి.

"అమ్మో," అన్నాడు నైగ్రెన్, అనవలసిన చోట అనవలసిన గొంతుతో. "ఏం తగిలిందో ఈ కుర్రాడికి!"

ఇక ఆర్వల్ వంతు. తల కొట్టుకుని, నిట్టూర్చి, ముక్కలు మూసేస్తే అయిపోయేది. తొమ్మిదేళ్ళుగా హార్లన్ కోసం ఎన్నిసార్లు చేశాడో లెక్కలేదు. నవ్వుతూ చేశాడు. అప్పుడు పోయేవి గింజలు. ఇప్పుడు పోయేది డీకన్. రేపు తను నిప్పు పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంటే, ఆ బూడిద రంగు గుర్రం పొగలోంచి వస్తుంది. దాని మీద వెండెల్ ఈల వేస్తూ ఉంటాడు. తను చెక్కిన గిట్టలు తన మొహాన బురద చిమ్ముతాయి. ఐడా కంచె మీద మోచేతులు ఆన్చి వెండెల్‌ను చూస్తూ ఉంటుంది.

ఒకవేళ వాడు కావాలనే ఈ పంపకంలో ఇట్లా చేశాడేమో? నేను పరువు తప్పననే ధైర్యం. నా మర్యాదను తాడు చేసి నా కాళ్ళకే వేశాడు. ఆ ఆలోచన వచ్చాక ఇక ఆగలేదు. నిజానికి వెండెల్ మొహంలో అంత లోతేమీ లేదు. ఆట దొరికిన పిల్లాడిలా నవ్వుతున్నాడు, అంతే. కానీ ఆర్వల్ ఆ నవ్వులో తనకు కావలసింది వెతుక్కున్నాడు.

"చూస్తా," అన్నాడు.

పొయ్యి మీద కూర కుతకుతమంటున్నది.

నైగ్రెన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు. ఆయన చెవులకు ఏ జబ్బూ లేదు. "వినపడలా నాకు. ముసలితనం. ఏమన్నావురా, మూసేస్తానన్నావా?"

అంత తేలిగ్గా దారి ఇచ్చాడు ముసలాయన. ఆర్వల్‌కు అర్థం కాకపోలేదు. అవునని తల ఊపితే చాలు, ఆ మాట పుట్టనట్టే అయిపోయేది. అతని చూపు ఐడా వైపు పోయింది. ఆవిడ మొహంలో ఇందాకటి నవ్వు మిగులు ఇంకా ఉంది, అది వెండెల్ ఇచ్చినది.

"చూస్తానన్నా." తన గింజలన్నీ మధ్యకు తోశాడు. "తిప్పు."

వెండెల్ నవ్వు ఒక్కసారిగా పోలేదు. సాయంకాలపు వెలుగు గుట్ట దిగినట్టు నెమ్మదిగా దిగింది. ఆర్వల్ మొహంలోకి చూశాడు. బోర్లా ఉన్న ముక్కను రెండు వేళ్ళతో తిప్పి, ఎర్రటి నాలుగింటి పక్కన సరిగ్గా పెట్టాడు. పెన్సిలు గీతలు చాలామటుకు చెరిగిపోయాయి. ఒక కళావరుకు కాడ వంకరగా ఉంది, హార్లన్ చెయ్యి జారినచోట.

"ఎనిమిదుల జత," అన్నాడు నైగ్రెన్ పొడిగా. "ఆర్వల్‌ది."

ఆ జతను ఆ గుట్టల్లో చాలా ఏళ్ళు చెప్పుకున్నారు. రాజులు పడ్డ ఆటల్ని మరిచిపోయారు గాని ఆర్వల్ ఎనిమిదుల్ని మరిచిపోలేదు. ఎవరూ తప్పు పట్టి చెప్పలేదు. ఎనిమిదుల జత వస్తే చాలు, బల్ల చుట్టూ కళ్ళన్నీ కిటికీ మీదికి పోయేవి.

"ఎట్టా కనిపెట్టావు?" అడిగాడు వెండెల్. ఎత్తిపొడుపు లేదు గొంతులో. నిజంగానే అడిగాడు, ఒక జవాబు దొరికితే బాగుండునన్నట్టు.

"నీ మొహం చూసి," అన్నాడు ఆర్వల్.

"అట్టాగా." వెండెల్ తల ఊపాడు. "నాది ఏదీ దాచలేని మొహమేలే. మా అమ్మ కూడా అనేది." వంగి కిందపడ్డ రెండు గింజలూ ఏరి ఆర్వల్ కుప్పలో వేశాడు.

ఐడా చేతులు తుడుచుకుంటూ బల్ల దగ్గరకు వచ్చింది. నైగ్రెన్ పేక పోగుచేయబోతే ఆపి, ఆ అట్టముక్కను తీసుకుంది. దాన్ని తుడుపుగుడ్డతో ఒకసారి తుడిచింది, పిల్లల మొహం తుడిచినట్టు. తరువాత కట్టాలో పెట్టకుండా తన గౌను జేబులో వేసుకుంది. మిగిలిన యాభై ఒక్క ముక్కలూ బల్ల మీదే ఉన్నాయి.

"గుర్రం నీదే, ఆర్వల్," అంది. "జీను కూడా తీసుకో. రేపు పొద్దున్నే రికాబుల కొలత సరిచూసుకో, ఆయన కాళ్ళు నీ కాళ్ళకంటే పొడుగు."

"అమ్మగారూ, నేను..."

"చేతులు కడుక్కోండి. చల్లారిపోతుంది."

ఎప్పుడూ మాట్లాడే గొంతే. కోపం ఉంటే ఆర్వల్ తట్టుకునేవాడు. ఏదో ఒకటి చెప్పుకునేవాడు. పశువుల బేరగాడికి ఆ రోజు కాఫీ పోసినప్పుడు ఆవిడ గొంతు సరిగ్గా ఇట్లాగే ఉందని అతనికి గుర్తుకొచ్చింది.

ముగ్గురూ వంతులవారీగా తొట్టి దగ్గర చేతులు కడుక్కున్నారు. తుండు ఒక్కటే. వెండెల్ తుడుచుకుని ఆర్వల్‌కు అందించాడు. బయట వాన కొట్టడం ఆగింది. ఉత్తరాన మబ్బు కింద సన్నటి పసుపు చీలిక తెరుచుకుంది. రేపు ఆరుతుంది. కొట్టంలోంచి డీకన్ గొంతు వినిపించింది, దాణా వేళయిందని. ఆ గుర్రం ఇప్పుడు తనది. ఆ మాట ఆర్వల్ లోపల రెండుసార్లు అనుకుని చూశాడు. సంతోషం ఎక్కడా తగల్లేదు.

ఐడా గొడ్డు మాంసం కూర పళ్ళాల్లో పోసింది. బంగాళదుంపలు, పొయ్యిలోంచి అప్పుడే తీసిన మెత్తటి రొట్టెలు, ఉడకబెట్టిన ఎండు పళ్ళు. ఆవిడ కూర్చుని తల వంచింది. అందరూ వంచారు. ప్రార్థన ఎప్పుడూ హార్లన్ చెప్పేవాడు. కొంతసేపటికి ఐడా తల ఎత్తింది, అందరూ ఎత్తారు.

రొట్టెల పళ్ళెం వెండెల్ నైగ్రెన్‌కిచ్చాడు, నైగ్రెన్ ఐడాకిచ్చాడు, ఐడా ఆర్వల్‌కిచ్చింది. అతను ఒకటి తీసుకున్నాడు. వెండెల్ రొట్టె విరిచి కూరలో ముంచి, మోచేయి ఆ ఖాళీ కుర్చీ మీద వేసి ఆకలిగా తింటున్నాడు. పోయింది గుర్రమే గాని అతని మొహంలో ఏమీ పోలేదు. ఆ నెమ్మదే ఆర్వల్‌ను కాల్చింది. గుర్రం మీద కూర్చున్నవాణ్ణి చూసినా అంత మండి ఉండేది కాదు. తల వంచుకుని చెంచా తీసుకున్నాడు. నలుగురూ తిన్నారు. పళ్ళాలు ఖాళీ అయ్యాక ఐడా లేచి కాఫీ పోసింది.